అప్పలస్వామి గారి డీజిల్ దీపం

"నేటితో నువెల్ ఫ్రాన్సులో ఎద్దుల యుగం ముగిసింది!"

కూరగాయల రవాణా సంఘం అధ్యక్షులు శ్రీ అప్పలస్వామి గారు ఇలా ప్రకటించగానే మేమంతా చప్పట్లు కొట్టాం. పక్కనే మేస్తున్న పైడమ్మ ఎద్దులు రెండూ తలెత్తి చూశాయి. వాటికి రాజకీయాలు తెలియవు కనక మళ్ళీ మేతలో పడ్డాయి.

ఇది 1936 జూన్ నాటి మాట. నువెల్ ఫ్రాన్సు మా దీవిలో ఒక పల్లెటూరు; నేను ఆ ఊళ్ళో తెలుగు బడి పంతుల్ని. సంఘం ఘనకార్యాలు పత్రికకు రాసి పంపే భాగ్యం కూడా నాదే. పాత డీజిల్ బండి ఒకటి కొని, సరుకుల లారీగా మార్పించి, మా కూరగాయల్ని పోర్ట్ లూయిస్ బజారుకు చేర్చాలని అప్పలస్వామి గారి ఆశయం. దాంతోపాటు ఆయన కూడా జిల్లా బోర్డు చేరాలన్నది ఆ ఆశయంలో చిన్న భాగం.

లారీలో చోటు కావలసినవాళ్ళు తమ ఎద్దుబండిని సంఘానికి అప్పగించాలని తీర్మానించారు. మాలో బండి ఉన్నది భర్త పోయిన పైడమ్మ ఒక్కతెకే.

"బండి ఇచ్చేత్తాను బాబూ. శనివారం బజారుకి నా లిసులు ఎల్లిపోవాల. వానకి పగిలిపోతన్నాయి," అందామె. లిసులంటే మా దీవిలో క్యాబేజీలు. ఏడాది పొడుగునా ఆమె పొయ్యి వెలిగేది ఆ పంటతోనే.

"నువ్వు నిద్ర లేచేసరికి నీ క్యాబేజీలు బజార్లో ఉంటాయి వదినా!" అన్నారు అధ్యక్షులు. మళ్ళీ చప్పట్లు కొట్టాం.

పక్క పట్నం క్యూర్‌పైప్ నుంచి మెకానిక్ మార్సెల్‌ను వెంటబెట్టుకుని పోర్ట్ లూయిస్ వెళ్ళాం. రేవు దగ్గర షెడ్డులో రెండు పాత డీజిల్ బళ్ళున్నాయి. మొదటిది అచ్చంగా లారీ. మార్సెల్ దాని కిందికి దూరి, స్ప్రింగులు తట్టి, నల్లటి మొహంతో బయటికొచ్చి, "సా మెమ్, మిసియే! ఇదే తీసుకోండి," అన్నాడు. రెండోది ఏదో హోటలువాళ్ళు అతిథుల్ని తిప్పి తిప్పి వదిలేసిన బస్సు. అప్పలస్వామి గారు దాని రబ్బరు హారన్ ఒక్కసారి నొక్కారు. భోఁ అన్న మోతకి రేవులో కూలీలు బస్తాలు కింద పడేసి దారిచ్చారు.

"ఇదే," అన్నారాయన.

"ఇంజను చూడలేదు కదా మిసియే?"

"ఇంజను మూత కింద ఉంటుందోయ్. ఓటర్లకి కనపడదు. హారనైతే ఊరంతా వింటుంది."

ఆయన దూరదృష్టికి నాకు ఒళ్ళు పులకరించింది.

బస్సును లారీ చెయ్యాలంటే సీట్లు పీకాలి. మార్సెల్ రెంచి పట్టుకుని ఎక్కాడు. అధ్యక్షుల సీటు ముట్టుకోకూడదన్నారు. ఉపాధ్యక్షుడు తనదీ వద్దన్నాడు. కోశాధికారికి నడుంనొప్పి. మా సంఘంలో ప్రతివాడికీ ఏదో ఒక పదవి ఉంది కనక చివరికి మార్సెల్ పీకింది ఒకే ఒక్క సీటు. అది నాది. ఆ ఖాళీలో భజన దీపం పెట్టడానికి నిలువెత్తు ఇత్తడి కుంది బిగించారు.

"మే, లెగిమ్ కొత్ పు మెతే?" అన్నాడు మార్సెల్, కూరగాయలు ఎక్కడ పెట్టాలో తెలియక.

"టాపు మీద నా ఉపన్యాస వేదిక వస్తుంది. ఇంకెక్కడైనా చూడు."

"వెనకాల?"

"వెనకాల బోర్డుంది."

'కూరగాయల రవాణా లారీ' అని ఆ బోర్డు రాసింది నేనే. అక్షరాలు పెద్దవి కావడంతో వెనక తలుపు తెరుచుకోవడం మానేసింది.

బుధవారం ప్రారంభోత్సవం. మా భజన గురువు దాసు, అతని బృందం లారీ చుట్టూ చేరారు. కుందిలో దీపం వెలిగింది. మా ఆచారం ఏమిటంటే, వెలిగించిన భజన దీపాన్ని కదపకూడదు, ఆర్పకూడదు. దానంతట అదే కొండెక్కాలి. ఇంతలో రిబ్బను కత్తిరించాల్సిన దొరగారు వాన వల్ల రేపు వస్తామని కబురు పంపారు.

"ప్రారంభం కాకుండా దీపం కొండెక్కితే అపశకునం. నూనె పోయండి!" అని అధ్యక్షుల ఆజ్ఞ.

మర్నాడు దొరగారు రాలేదు, వాన మాత్రం వచ్చింది. శుక్రవారానికి ఊళ్ళో ప్రతి వంటింట్లోనూ నూనె అయిపోయి, ఉడకబెట్టిన కూరలే గతయ్యాయి. పైడమ్మ కోసిన క్యాబేజీలు బుట్టల్లో పెట్టుకుని, గోనెపట్టా కప్పుకుని లారీ పక్కనే నిలబడింది.

"రేపే బజారు బాబూ. లారీ కదల్దా?"

"లారీలో దీపం ఉంది వదినా. లారీ కదిలితే దీపం కదిలినట్టేగా?"

"అయితే ఆరిపోనీండి!"

దాసు చెవులు మూసుకున్నాడు. సరిగ్గా అప్పుడే అధ్యక్షులకు ట్యాంకు గుర్తొచ్చింది.

"మార్సెల్, డీజిల్ కూడా నూనేనా?"

"నూనే మిసియే, కానీ..."

"రాసుకోండి పంతులుగారూ, నూనే అన్నాడు!"

ఆ రాత్రంతా కుందిలోకి డీజిల్ తోడి పోశారు. ఆ పొగకి దాసు తెల్ల పంచె నల్లబడింది. భజన బృందం దగ్గుతూనే తాళం తప్పకుండా పాడింది. ఇంతటి భక్తిని నేను ఎక్కడా చూడలేదు.

శనివారం తెల్లారగానే, దొరగారికి ఇక తీరిక లేదని కబురొచ్చింది. వెంటనే దీపం కొండెక్కింది. జై అన్నాం. అధ్యక్షులు తన సీట్లో కూర్చుని, "పోనియ్!" అన్నారు. మార్సెల్ హ్యాండిల్ తిప్పాడు. చెమటలు కారేదాకా తిప్పాడు. తర్వాత ట్యాంకులో పుల్ల పెట్టి తీశాడు. పుల్ల పొడిగా ఉంది.

"డీజిల్ ఏదయ్యా?" అన్నారు అధ్యక్షులు.

అందరం కుంది వైపు చూశాం.

పైడమ్మ ఇక ఆగలేదు. సంఘం పాకలోంచి తన బండి లాక్కొచ్చి, ఎద్దుల్ని కట్టి, బుట్టలెక్కించింది. "క్యూర్‌పైప్‌లో రైలు అందితే బజారు దొరుకుతాది," అంది. మూడ్రోజుల తర్వాత ఆమె మొహంలో నవ్వు చూశాను.

"ఆగాగు వదినా! అది సంఘం బండి," అంటూ అధ్యక్షులు లారీ దిగారు. "ముందు డీజిల్ తేవాలి. ప్రజల పని!"

ఖాళీ పీపా బండెక్కింది. పీపాకీ అధ్యక్షులకీ చోటు కావాలి కనక బుట్టలు దిగాయి. కదలని లారీలో సభ్యులెవరూ కూర్చోరు కనక, క్యాబేజీల్ని సీట్ల మీద సర్దారు.

"రాసుకోండి పంతులుగారూ! మన లారీకి సరుకెక్కింది!"

రాసుకున్నాను. దాసు ఎద్దుల్ని అదిలించాడు. బండి మంచులోకి సాగింది.

పైడమ్మ లారీ ఎక్కి, పగిలిన క్యాబేజీల ముందు, డ్రైవరు సీట్లో కూలబడింది. నాకు గుండె పిండినట్టయింది గాని, అది పత్రికకు రాసే విషయం కాదు. ఆమె హారన్‌ను రెండు చేతులా పట్టుకుని నొక్కింది. మళ్ళీ నొక్కింది. కళ్ళు తుడుచుకోవడానికైనా చెయ్యి తియ్యలేదు. భోఁ భోఁ అని ఊరంతా మోగిపోయింది.

మలుపు దగ్గర అధ్యక్షులవారు ఎద్దుబండి మీద లేచి నిలబడి, మాకు చెయ్యి ఊపారు.