తడవని ఫోను

కొత్త బస్టాండు కప్పు నుంచి వందేళ్ల దాకా చుక్క నీరు కారితే అడగమని రవాణా మంత్రిగారు మైకులో ప్రకటించారు. బయట వాన దంచుతోంది. లోపల చప్పట్లు మోగుతున్నాయి. మంత్రిగారు అంత మాట ఊరికే అనరు. ఆ కప్పు వేయించిన కాంట్రాక్టరు స్వయానా ఆయన బావమరిది.

చప్పట్లు ఆగకముందే కప్పు నుంచి చెంబెడు నీళ్లు జారి, మంత్రిగారి వెనకాల నిలబడ్డ అమ్మాయి చేతిలో పడ్డాయి. ఆ చేతిలో ఉన్నది మంత్రిగారి సెల్‌ఫోను. ఆ ఫోను మోయడమే ఆ అమ్మాయి ఉద్యోగం. ఇంకా పర్మనెంటు కాలేదు.

చివరి వరసలో కూర్చున్న ఆ అమ్మాయి తల్లికి పై ప్రాణాలు పైనే పోయాయి. ఉద్యోగం ఊడింది, ఆ తర్వాత కేసు, ఆపైన జైలు, జైల్లో దోమలు. పిల్లకి దోమ కుడితే ఒళ్లంతా దద్దుర్లు! జనాన్ని తోసుకుంటూ వేదిక పక్కకి పరిగెత్తింది.

"ముందు ఆఫ్ చెయ్యవే! కవరు ఊడదీసి, పొడిగుడ్డతో తుడిచి ఫ్యాను కింద పెట్టు. ఛార్జింగు మాత్రం పెట్టకు, పేలిపోతుంది!"

"ఊరుకో అమ్మా. తుడిస్తే ఫోను తడిసినట్టు. ఫోను తడిస్తే కప్పు కారినట్టు."

"కారింది కదే!"

"గట్టిగా అనకు. ఇంజినీరుగారు ఇంకా తేల్చలేదు."

ఇంజినీరుగారు కప్పు వంక చూసి, తన బట్టతల తుడుచుకుని, "గాల్లో తేమ సార్" అని తేల్చేశారు.

ఒక విలేఖరి లేచాడు. "సార్, మీ ఫోను తడిసిందటగా?"

"ఏదమ్మా, ఇటివ్వు" అంటూ మంత్రిగారు నిబ్బరంగా ఫోను అందుకున్నారు. తెర నల్లగా ఉంది. చెవికి ఆనించుకున్నారు.

"హలో! ఆఁ... పెద్దాయనా! నమస్కారం సార్!"

ప్రభుత్వాధినేతని పార్టీలో అందరూ అలాగే పిలుస్తారు. సభ మొత్తం గౌరవంగా లేచి నిలబడింది.

"చుక్క కూడా లేదు సార్. అంతా మీ చలవ. ఏంటి సార్, మా బావమరిదికి ఇంకో మూడు బస్టాండ్లు ఇమ్మంటారా? మీరు చెప్పాక కాదంటానా!"

ఫోను నుంచి నీళ్లు మంత్రిగారి మోచేతి దాకా కారాయి.

"సార్, నీళ్లు..."

"చెమట."

"ఫోనుకా సార్?"

"ప్రజల కోసం పగలూ రాత్రీ పనిచేసే ఫోనయ్యా! పట్టదూ?"

విలేఖరి రాసుకున్నాడు.

సభ అయ్యాక మంత్రిగారు అమ్మాయిని పక్కకి పిలిచారు. "పెద్దాయన ఆఫీసు వాళ్లు నేనసలు మాట్లాడనేలేదంటే, ఆ తప్పు ఫోను మోసిన నీదే అవుతుంది తల్లీ" అని ఆప్యాయంగా చెప్పారు.

సాయంత్రం తల్లీకూతుళ్లు టీవీ ముందు ఊపిరి బిగబట్టి కూర్చున్నారు. పెద్దాయన ఆఫీసు నుంచి ప్రకటన వచ్చింది. పెద్దాయన మంత్రిగారితో చాలాసేపు మాట్లాడారట. కప్పుని మెచ్చుకున్నారట. మంత్రిగారి గొంతు గంట కొట్టినట్టు వినిపించిందట.

"గండం గడిచిందమ్మా! నా ఉద్యోగం పదిలం!" కూతురు ఎగిరి గంతేసింది.

తల్లి మొహం మాత్రం విప్పారలేదు.

"మళ్లీ ఏమైందమ్మా?"

"పెద్దాయన ఫోను మోసేది ఎవరి పిల్లో పాపం... ఆ ఫోను ఎప్పుడు తడిసిందో ఏమో!"