జీపు మనుమడు

ఆ పొద్దు రుక్కవ్వకు ఉన్న పని ఒక్కటే. కొత్త ఊయలకు ఆముదం రాసి, పసుపు బొట్లు పెట్టి, దూలానికి వేలాడదీయడం. మనుమరాలు సుమ జనగామ నుంచి పసిపిల్లను ఎత్తుకుని వస్తోంది. మునిమనుమరాలు ఊయలంటూ ఎక్కితే తను చేయించిన ఊయలే ముందు ఎక్కాలని ముసలమ్మ పంతం. పాత ఇల్లు కూలినప్పుడు అత్తగారి కాలంనాటి టేకు దర్వాజ మిగిలితే, దాంతోనే చేయించింది. కట్టె ఇంటిదే. కానీ కాటారం దాటిన ఆ అడవి అంచు ఊళ్లో "ఇంటిదే" అంటే ఏ సర్కారు మనిషి నమ్మాడు గనక?

ఆముదం చేతులతోనే ఫోను ఎత్తింది. సుమ గొంతు ముక్కలు ముక్కలుగా వినబడింది. "అవ్వా... పగటియాల్లకు ఎస్... వస్తు... ఊయల..." అంతే, సిగ్నల్ పోయింది.

రుక్కవ్వకు మిగతాది అర్థమైపోయింది. ఎస్సై వస్తున్నాడు! ఊయల కోసం! పిల్ల తెలివిగలది, ముందే చెవిన వేసింది. రుక్కవ్వ వయసులో ఉన్ననాడు ఊరి మొగదల పోలీసు జీపు చప్పుడైతే చాలు, మగాళ్లంతా మక్కచేలల్లోకి ఉరికేవాళ్లు. పొయ్యి మీద అన్నం మాడుతున్నా ఆడవాళ్లు తలుపు తీసేవాళ్లు కాదు. ఆ చప్పుడు ఆమె చెవుల్లో ఇంకా అలాగే ఉంది.

సరే, మరి ఎస్సైకి ఈ కబురు మోసిందెవరు? ఊయల చేసిన వడ్రంగి పోశాలా? చాయలో చక్కెర తక్కువైందని ఆ రోజు మూతి ముడుచుకున్నాడు. కాదు కాదు, పక్కింటి బుచ్చి! నిన్న వచ్చి "ఊయల మంచిగున్నదక్కా, కట్టె యాడిది?" అంది. మంచిగుంటే మంచిగుందని పోవాలి గానీ, కట్టె సంగతి ఆమెకెందుకు?

గోడ మీదుగా తల పెట్టి అడిగేసింది. "బుచ్చీ, ఎస్సైకి ఎందుకు చెప్పినవే?"

"ఏ ఎస్సై? నేనేం చెప్పిన?"

"నా ఊయల కోసం వస్తుండట. నీ నోట్ల నువ్వుగింజ నానదని ఊరంత ఎరుకే."

"నా బిడ్డ మీద ఒట్టు అక్కా, నేనెవలకు చెప్పలే! అయినా గింత ఊయలకే ఎస్సై వస్తే..." బుచ్చి చూపు తన అరుగు మీదికి పోయింది. "మరి నా టేకు మంచం సంగతేంది?"

ఆ ఒక్క ప్రశ్నతో ఊరు లేచింది. మంచాలు లేచాయి, బల్లలు లేచాయి, ఒకాయన ఇంటి తలుపే ఊడదీసి నెత్తికెత్తుకున్నాడు. ఎవరు ఎక్కడ దాస్తున్నారో పక్కింటివాళ్లకు తెలియకూడదాయె. తెలిస్తే పట్టిస్తారని అందరికీ అందరి మీదా అనుమానమే. అందుకని పక్కిళ్ల పెరళ్ల గుండా పోయే చాటు దారులు వదిలేసి, తలో దిక్కుకు తారు రోడ్డు మీదుగానే మోసుకుపోయారు. రుక్కవ్వ మాత్రం ఊయలను యూరియా సంచుల్లో చుట్టి పెంటకుప్పలో పాతేసింది. ఎంత ఎస్సై అయినా పెంటలో చెయ్యి పెడతాడా?

మధ్యాహ్నానికి ఇంత ఎత్తు తెల్లబండి వచ్చి వాకిట్లో ఆగింది. ఊళ్లో ఒక్క తలుపు తెరుచుకోలేదు.

"అవ్వా!" అని పిలుపు.

"అవ్వ లేదు. చేనుకాడికి పోయింది" అంది రుక్కవ్వ తలుపు వెనక నుంచి.

"మాట్లాడేది నువ్వే కదనే! నేను, సుమను! ఎస్‌యూవీల వస్తున్నమని పొద్దుగాల చెప్పలే?"

అవ్వ బయటికొచ్చి ముందు పిల్లను ముద్దాడింది. తర్వాత బండి చుట్టూ ఒక తిరుగుడు తిరిగింది. మనసు కుదుటపడలేదు. "గీ ఎత్తేంది, గీ మొద్దు మూతేంది? గిది కారు కాదు."

సుమ పెనిమిటి ఐలేశ్ నవ్వాడు. "అనుమానం కరెక్టే అవ్వా. దీని తాత జీపే. లడాయిల మిలిట్రోళ్ల కోసం పుట్టింది. లడాయి ఒడిసినంక రైతులు కొనుక్కొని పొలాలకు తిప్పుకున్నరు. ఎనుక ఎవలో పైన కప్పేసి, మెత్తటి సీట్లు పెట్టి, పిల్లాజెల్ల పట్టేటట్టు చేసిండ్రు. కింద ఎముకలు లారీయి, పైన తోలు కారుది. గట్ల గట్ల ఎస్‌యూవీ అయింది."

"అంటే జీపే ఏషం మార్చుకున్నది."

"గట్లనే అనుకో. కానీ గిది ఇంటి బండి. సర్కారుది కాదు."

పెద్దబండి అంటే చుట్టాల బండి అన్న మాట ఇల్లిల్లూ తిరిగింది. మంచాలన్నీ మళ్లీ అరుగులెక్కాయి. ఊయల పెంటలోంచి లేచి, మూడు బిందెల నీళ్లతో స్నానం చేసి, దూలానికి ఎక్కింది. వాసన కొంచెం మిగిలింది గానీ పిల్ల పట్టించుకోలేదు, హాయిగా నిద్రపోయింది.

అంతలో అచ్చం అలాంటిదే ఇంకో బండి వచ్చింది. మామూలు అంగీలలో ముగ్గురు దిగారు.

"ఐలేశ్ దిక్కు చుట్టాలే!" అని బుచ్చి కాళ్లకు నీళ్లిచ్చి, తన మంచం వాల్చి, చాయ పోసింది.

పెద్దాయన మంచం కోడు నిమిరాడు. "మంచి కట్టె. టేకేనా అక్కా?"

"ఊరంత టేకే అన్నా!"

"మా ఊయల చూడు నాయినా, అసలైన టేకు!" అంది రుక్కవ్వ వెనకబడటం ఇష్టం లేక. "ఇంతకు నువ్వు ఐలేశ్‌కు ఏమైతవు?"

"ఏం కాను అవ్వా. ఫారెస్టోళ్లం. పొద్దుగాల రోడ్డు పొంటి గింత కట్టె నెత్తుల మీద పోతుంటే చూసినం. యాడిదో అడుగుదామని వచ్చినం."

రుక్కవ్వ ఐలేశ్ వైపు తిరిగింది. "గిదీ గదే బండి గద?"

"గదే అవ్వా" అన్నాడతను నేల చూస్తూ. "సర్కారోళ్లు గూడ జీపులు ఇడిచి గివే కొన్నరు."

పెద్దాయన ఊయల మీద చెయ్యి వేయబోయాడు. రుక్కవ్వ ముందే తాడు పట్టుకుని కూర్చుంది. "మా అత్త దర్వాజ కట్టె నాయినా. నమ్మకుంటే తీస్కపో. కానీ పోరి లేచిందాక ఆగు." ఆయన ఆగాడు. పిల్ల ఒక కన్ను తెరిస్తే చాలు, రుక్కవ్వ లాలి అందుకుని ఇంకా జోరుగా ఊపేది. రెండు చాయలు అయ్యాయి, ఎండ దిగింది, పిల్ల లేవలేదు. ఆఖరికి ఆయన చేతులు దులుపుకుని లేచి, ఊయలను వదిలేసి, తాను కూర్చున్న బుచ్చి మంచాన్నే బండి మీద కట్టించుకుని పోయాడు.

ఇప్పుడు ఆ ఊళ్లో ఎంతటి చుట్టం దిగినా ప్లాస్టిక్ కుర్చీయే వేస్తారు. ఆ కుర్చీ తాత ఎవరని ఇంతవరకూ ఏ బండీ వచ్చి అడగలేదు.