మెటల్ పళ్ళసెట్టు వల్ల మా ఇంటికి కలిగిన లాభాలు

నాకు అన్నిటికంటే పెద్ద భయం, మా పింకీ అన్నం తినకపోవడం. ఏడాది దాటిన పిల్ల, పిచ్చుకంత తింటుంది. ఆ భయం పోగొట్టింది ఎవరనుకుంటున్నారు? మా అత్తగారి పళ్ళసెట్టు!

నవ్వకండి. తెనాలిలో కట్టించాం. ప్లాస్టిక్‌ది కాదండీ, మెటల్ ఫ్రేమ్‌ది. పల్చగా ఉంటుంది, గట్టిగా ఉంటుంది. మిగిలిన పళ్ళను చిన్న కొక్కేలతో పట్టుకుని కదలకుండా కూర్చుంటుంది. కావాలంటే తీసి కడుక్కోవచ్చు. కింద పడినా పగలదు. పింకీ పుట్టాక మా ఇంట్లో కింద పడి పగలని వస్తువు అదొక్కటే!

పరువు సంగతి చెప్పాలా? బాపట్లలో పెళ్ళికి వెళితే ప్రతి ఫొటోలోనూ అత్తయ్యే. పెళ్ళికూతురు కూడా అంత నవ్వలేదు. రేపల్లె నుంచి మా ఆడపడుచు కుమారి వచ్చి, "అమ్మా, పదేళ్ళు తగ్గావే!" అని మురిసిపోయి, కాఫీ తాగి బస్సెక్కింది.

ఇక మన్నిక! అసలు అరగదు. ఎందుకంటే అత్తయ్య భోజనానికి ముందు దాన్ని తీసి నీళ్ళగిన్నెలో పెట్టేస్తారు. అంత మంచి వస్తువును నమలడానికి వాడతామా? పట్టుచీర కట్టుకుని ఎవరైనా అంట్లు తోముతారా?

సెట్టు వచ్చినప్పటి నుంచి, "పింకీకి నేను పెడతాలే అమ్మాయ్, నువ్వు పని చూసుకో" అంటున్నారు. మెత్తగా కలిపిన పప్పన్నం క్షణాల్లో ఖాళీ! నా ప్రాణం కుదుటపడింది. అంగన్‌వాడీలో తూకం వేస్తే మాత్రం పిల్ల పెరగలేదు. తూకం మిషనే పాడైందనుకున్నాను.

నిన్న తలుపు చాటు నుంచి చూశాను. పింకీకి ఒక ముద్ద, అత్తయ్యకు రెండు.

"ఏంటత్తయ్యా ఇది?"

"కొక్కెం గుచ్చుతుందమ్మాయ్. చిగురంతా పుండయింది. తీసేస్తేనేమో నమలడానికి పళ్ళేవీ? ఆకలేసింది."

"మరి చెప్పరేంటండీ?"

"మీ ఆయనతో చెప్పా. అలవాటైపోద్దిలే అమ్మా అన్నాడు. అందరూ బాగుంది బాగుంది అంటుంటే ఇంకేం చెప్పను?"

గుచ్చుకుంటే తీసుకురండి, కొక్కెం సరిచేస్తానని తెనాలి పళ్ళ డాక్టరుగారు సెట్టు పెట్టిన రోజే చెప్పి పంపారు. చూశారా, అదింకో లాభం! ఆవిడ నవ్వితే మెచ్చుకోవడానికి బాపట్ల దాకా జనం ఉన్నారు. నోరు తెరిచి చూపించమనడానికి ఇంట్లో ఒక్కరం లేకపోయాం.

రేపు నేనూ, అత్తయ్యా, పింకీ తెనాలి బస్సెక్కుతున్నాం. మీరూ ఒక పని చేయండి. మీ ఇంట్లోనో, పక్కింట్లోనో కొత్త పళ్ళు పెట్టించుకున్న పెద్దావిడ ఉంటే, భోజనాల వేళ వెళ్ళి పక్కన కూర్చోండి. ఏం తింటున్నారో కాస్త చూడండి.