బుచ్చన్న చెలకలో సమాధులు

ఆ రోజు పొద్దున గంగాప్రసాద్ పెట్టుకున్న పని ఒక్కటే. బీర్పూర్ అవతల బుచ్చన్న మెట్ట చెలకలో ఒక ఆడమనిషిని సమాధి మీద పడేట్టు ఏడిపించి, ఆ ఏడుపును కెమెరాలో పట్టుకుని, మధ్యాహ్నానికల్లా కోరుట్లకు తిరిగి రావడం. ముసురు పట్టి అప్పటికి మూడో రోజు. ఆకాశం పాత దుప్పటిలా ముఖం మీదికి దిగి ఉంది. ఇంకెవరైనా అయితే షూటింగ్ ఆపుకునేవారు. గంగాప్రసాద్ మాత్రం నల్లచొక్కా తొడుక్కుని, నల్లగొడుగు చంకలో పెట్టుకుని, చాలా రోజుల తర్వాత కాస్త ఉత్సాహంగా గడప దాటబోయాడు.

ఒకప్పుడు అతన్ని అందరూ దయ్యాల ప్రసాద్ అనేవారు. సిరిసిల్లలో మూతబడ్డ సాంచాల షెడ్డులో తీసిన మొదటి సినిమాలో, మనుషులెవరూ లేకుండానే మరమగ్గాలు రాత్రంతా శవాల మీద కప్పే కఫన్ గుడ్డ నేస్తుంటే జగిత్యాల థియేటర్‌లో ఆడవాళ్ళు సగంలో లేచి వెళ్ళిపోయారు. ఆ తర్వాత తీసిన వాటిలోనూ అవే ఒరిగిన తలుపులు, అవే మోడు చెట్లు, పౌడరు దట్టించిన అవే పెళ్ళికూతుళ్ళు. చివరి సినిమాకు జనం నవ్వారు. నిన్ననే జగిత్యాల నుంచి నడిచే ఒక యూట్యూబ్ ఛానల్‌ వాళ్ళు "గంగాప్రసాద్‌లో సరుకు అయిపోయిందా?" అని ఒక వీడియో పెట్టారు. కింద వ్యాఖ్యలు రాసినవాళ్ళు ఆ ప్రశ్నార్థకాన్ని తీసేశారు.

"చూసినవా, ఏం పెట్టిండ్రో," అని ఫోన్ భార్య ముందు పెట్టాడు.

శ్రీలత చూడలేదు. "నీ సరుకు సంగతి నాకెర్కలేదు. ఇంట్ల గ్యాస్ అయితే అయిపోయింది. పోయేటప్పుడు ఏజెన్సీల చెప్పి పో."

బుచ్చన్న చెలకలో సెట్టు మాత్రం నిజంగా బాగా కుదిరింది. కోరుట్లలో సైన్‌బోర్డులు రాసే అన్వర్, గంగాప్రసాద్ గీసిచ్చిన బొమ్మల ప్రకారం థర్మాకోల్‌తో సమాధులు కోసి, పైన సన్నగా సిమెంటు పూసి, పాచి రంగు వేశాడు. ఒక్కోటి ఒక్కో వైపు ఒరిగి, మీద ఒక కాకి బొమ్మతో, ముసురులో అవి నిన్నామొన్నటివి కావు, తాతల నాటివి అన్నట్టు ఉన్నాయి. పేర్ల దగ్గరే చిక్కొచ్చింది. సినిమా పేర్లు వద్దు, ఊళ్ళో మనుషుల పేర్లలా ఉండాలని గంగాప్రసాద్ పట్టుబట్టాడు. పేర్లు కల్పించడం తనవల్ల కాదని అన్వర్ గట్టు మీద బీడీ తాగుతున్న బుచ్చన్నను అడిగాడు. బుచ్చన్న ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. ఎప్పటినుంచో నోట్లో పెట్టుకుని తిరుగుతున్నట్టు, ఇంటిపేర్లతో సహా వరసగా చెప్పాడు. చనిపోయిన తేదీలు అన్వరే తోచినట్టు వేశాడు.

"మంచి పేర్లు చెప్పిండు భాయ్," అన్నాడు అన్వర్. "అన్నీ ఒరిజినల్ లెక్కున్నయ్."

ఏడ్చే ఆడమనిషి సిరిసిల్ల నుంచి రావాలి. పేరు భూదేవి. నాటకాల్లో వేసిన మనిషి. గంగాప్రసాద్ ఆమెను చూడలేదు, ఫోన్లోనే మాట్లాడాడు. "నువ్వు దిగుడు దిగుడే ఏడ్సుకుంట పోయి సమాధి మీద పడాలె. ముందుగాల నాతోని మాట్లాడద్దు, మూడ్ పాడైతది," అని చెప్పి పెట్టాడు. ఆమె బస్సు వేములవాడ దగ్గర ఆగిపోయిన సంగతి అతనికి తెలియదు.

అందుకే, తాటిపత్రి పట్టా కింద కెమెరా పక్కన కూర్చున్న గంగాప్రసాద్, బాట మీద ఇద్దరు ఆడవాళ్ళు ఆగడం, అందులో చిన్నది సమాధి మీద పేరు పైకి చదివి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఊరివైపు పరుగెత్తడం, పెద్దది నెమ్మదిగా చెలకలోకి రావడం చూసి, భూదేవి వచ్చిందనే అనుకున్నాడు. కొంచెం వయసు ఎక్కువే. పర్వాలేదు, చీర కొంగు, బురద కాళ్ళు అచ్చంగా ఉన్నాయి.

"రోల్ చెయ్," అన్నాడు కెమెరా రంజిత్‌తో.

ఆ ముసలామె సమాధి దగ్గర కూలబడింది. ఏడవలేదు. కొంగుతో రాయి మీది తడి తుడిచింది. చుట్టూ ఉన్న గడ్డిపోచలు పీకి పక్కన పెట్టింది.

"ఎప్పుడు తెచ్చిండ్రు కొడుకా నిన్ను?" అంది. "నాకెవ్వలు చెప్పకపోతిరి. అవతలూరోళ్ళు గూడ ఖతర్ నుంచి శవం పెట్టె అచ్చేదాక తల్లికి చెప్పలే. ఆమెకు పెట్టెన్న చూపిచ్చిండ్రు. నాకు గది గూడ లేకపాయె."

గంగాప్రసాద్ పెదవి విరిచాడు. "కట్. అవ్వా, మంచిగనే ఉన్నది గని బాధ కనపడ్తలేదు. ఇంట్ల కూసోని ముచ్చట పెట్టినట్టే ఉన్నది. ఏడ్వాలె."

ఆమె వినలేదు. రంజిత్ ఎందుకో కెమెరా ఆపలేదు. ఇలాంటి వాళ్ళకు చేసి చూపిస్తే గాని అర్థం కాదని గంగాప్రసాద్ గొడుగు పక్కన పడేసి, ఆమె పక్కనే బురదలో మోకాళ్ళ మీద కూర్చున్నాడు. సమాధికి నుదురు ఆనించాడు. భుజాలు కుదుపుతూ, గొంతు జీర పోయేలా ఏడ్చి చూపించాడు.

వీపు మీద ఒక చెయ్యి పడింది. గరుకు చెయ్యి. మెల్లగా నిమురుతోంది.

"ఏడ్వకు కొడుకా," అంది ఆమె. "నువ్వు గూడ ఆడ్నే పని జేస్తవా? వాని రూమోనివా?"

గంగాప్రసాద్ తల ఎత్తాడు.

"వాడు పోయేటప్పుడు నువ్వు పక్కన ఉంటివా? అన్నం తిన్నడా?"

ఇది తాను రాసిన మాట కాదు. ఆ సంగతి తట్టిన మరుక్షణం, ఈమె భూదేవి కాదన్న సంగతి కూడా తట్టింది. అతని వెన్నులోంచి చలి పాకింది. పదేళ్ళుగా జనం వెన్నులో పుట్టించాలని చూసి చూసి విసిగిపోయిన చలి అది.

"అవ్వా, నీ పేరేంది?"

"రాజవ్వ. ఎల్లేశం తల్లిని."

సమాధి మీద అన్వర్ అందమైన అక్షరాల్లో రాసిన పేరు గుర్రం ఎల్లేశం. రాజవ్వ లేవబోతూ సమాధి మీద చెయ్యి ఆనించింది. సిమెంటు పొర చిట్లింది. చెయ్యి మణికట్టు దాకా లోపలికి దిగిపోయింది. బయటికి తీస్తే వేళ్ళకు తెల్లటి గుండ్లు అంటుకుని ఉన్నాయి. ఆమె వాటిని రెండు వేళ్ళ మధ్య నలిపి చూసింది.

"లోపల ఏం లేదు," అంది.

"లేదవ్వా. ఏం లేదు. గిది ఉత్తదే, సినిమా కోసం చేసినం. నీ కొడుకు ఎవలో గూడ నాకు తెల్వది."

"తెల్వకపోతె వాని పేరెందుకు రాసిండ్రు?"

గంగాప్రసాద్ ఆ పేరు మళ్ళీ చదివాడు. అన్వర్ వైపు చూశాడు. అన్వర్ చెలక అంతా చూశాడు. బుచ్చన్న ఎక్కడా లేడు.

ఈలోగా ఊరు వచ్చింది. అందరికంటే ముందు, ఇందాక పేరు చదివి పరుగెత్తిన ఎల్లేశం భార్య తిరుమల. ఆమె వెనక నాట్లు విడిచిపెట్టి వచ్చిన కూలీలు, వాళ్ళ వెనక మగవాళ్ళు, ఎందుకో తెలియకపోయినా వచ్చినవాళ్ళు. దారిలోనే ఎవరో సమాధి ఫోటో తీసి ఖతర్‌లో ఉన్న ఊరివాళ్ళ వాట్సాప్ గ్రూపులో వేశారు. అక్కడివాళ్ళు ఎల్లేశం బతికున్నాడా అని అడక్కుండా, ముందు దండం పెట్టిన బొమ్మలు పంపారు. ఎల్లేశం కొత్త క్యాంపుకు మారి వారమైంది. ఫోన్ కలవడం లేదు. దాంతో అందరికీ నమ్మకం గట్టిపడింది.

గంగాప్రసాద్ గొంతు చించుకుని ఇది సినిమా అని చెబుతూనే ఉన్నాడు. కొంతమంది నమ్మబోయారు. అంతలో ఒకాయన పక్క సమాధి మీద తన పేరు చదువుకున్నాడు. ఇంకొకాయన తన పేరు వెతుక్కుని మరీ దొరికించుకున్నాడు. ముసలి జలపతికి కళ్ళు సరిగ్గా కనబడకపోతే మనవరాలు చదివి వినిపించింది, పోయిన అమావాస్యకే పోయాడని. పేర్లన్నీ కలిపి చూసుకుంటే తేలిందేమిటంటే, వాళ్ళంతా పంచాయతీ ఎన్నికల్లో బుచ్చన్నకు ఓటు వెయ్యనివాళ్ళు. ఎల్లేశం ఖతర్ నుంచి ఫోన్ చేసి, ఇంట్లోవాళ్ళ ఓట్లు కూడా అవతలివాడికే వేయించాడు. బుచ్చన్న ఇంటికి మనిషి వెళ్తే, యూరియా కోసం జగిత్యాల పోయాడని చెప్పారు.

ఈ గందరగోళం మధ్యలో బాట మీద ఆటో ఆగింది. సిరిసిల్ల భూదేవి దిగింది. ఆలస్యమైందన్న కంగారులో ఆమె ఎవరినీ చూడలేదు. ఎదురుగా సమాధి, చుట్టూ ఇంతమంది జనం, పక్కన కెమెరా. ఎంత పెద్ద సీనో అనుకుంది. జుట్టు విరబోసుకుని, జనాన్ని తోసుకుంటూ వచ్చి, పేరు చదివి, సమాధి మీద విరుచుకుపడింది.

"నన్ను ఆగం జేసి పోయినవా ఎల్లేశం. నీ కోసం చుట్టాలను పక్కాలను ఇడిశిపెట్టి అస్తినే. ఇగ నాకు దిక్కెవలు ఎల్లేశం."

తిరుమల కళ్ళు తుడుచుకుంది.

"ఎవలు నువ్వు?"

భూదేవి పాత్రలోంచి బయటికి రాలేదు. "ఆయన పెండ్లాన్ని," అంది, ఇంకా గట్టిగా ఏడుస్తూ.

గంగాప్రసాద్ ఇద్దరి మధ్యకు దూకాడు. "అమ్మా, ఆమె ఆర్టిస్టు. యాక్టింగ్ చేస్తాంది."

"ఇందాక మా అత్తను గూడ గట్లనే అంటివట," అంది తిరుమల. "నీకు ఏడ్చేటోళ్ళందరు ఆర్టిస్టులేనా?"

సరిగ్గా అప్పుడే ఆమె చేతిలో ఫోన్ మోగింది. ఎల్లేశం, వీడియో కాల్. పనిబట్టల్లో, హెల్మెట్‌తో, పిచ్చెక్కినవాడిలా ఉన్నాడు. తన చావు గురించి తానే తోటివాళ్ళ దగ్గర విని చేస్తున్నాడు. రాజవ్వ ఫోన్ లాక్కుని రెండు చేతుల మధ్య పట్టుకుంది. అద్దం మీద కొడుకు ముఖాన్ని నిమిరింది.

"అన్నం తిన్నవా?" అంది. అప్పుడు ఏడ్చింది. గంగాప్రసాద్ చూపించినట్టు కాదు, చప్పుడు లేకుండా.

తిరుమల ఫోన్ తీసుకుంది. "బతికే ఉన్నవా? మంచిది. గీమె ఎవలు?" అని భూదేవి వైపు తిప్పింది.

ఎల్లేశం నోరు తెరవబోయాడు. నెట్ ఆగిపోయి, అతని ముఖం సగం తెరిచిన నోటితో అలాగే బిగుసుకుపోయింది. తప్పు చేసినవాడి ముఖం అంతకంటే బాగా ఎవరూ పెట్టలేరు. జనం తలలు ఊపుకున్నారు. తిరుమల చెప్పుకు వంగింది.

గంగాప్రసాద్‌కు అప్పుడొక ఉపాయం తట్టింది. "భూదేవమ్మా, కట్," అని అరిచాడు. భూదేవి ఏడుపు కుళాయి తిప్పినట్టు ఆగింది. "మళ్ళ మొదలుపెట్టు." కన్నీళ్ళు ధారగా వచ్చాయి. "కట్." ఆగింది. ఇలా రెండుసార్లు చేయించాక తిరుమల చెప్పు కింద పడేసింది. ఫోన్లో నెట్ తిరిగి వచ్చేసరికి ఎల్లేశం, "ఆమె ఎవలో నాకు తెల్వది అవ్వ తోడు," అంటూ వణుకుతున్నాడు. అప్పటికి అతన్ని ఎవరూ పట్టించుకోవడం లేదు.

జనం కొంత పలచబడ్డాక గంగాప్రసాద్ రాజవ్వ కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. "తప్పయింది అవ్వా."

"నువ్వు నిజంగ ఏడ్చినవనుకున్న," అంది. కోడలి భుజం పట్టుకుని బాట ఎక్కింది.

తాటిపత్రి కింద రంజిత్ తీసింది వేసి చూపించాడు. ముసురు, ఒరిగిన రాళ్ళు, గడ్డి పీకుతున్న ముసలి చేతులు. దాని మీద గంగాప్రసాద్ సొంత గొంతు, "బాధ కనపడ్తలేదు" అని. అతను మళ్ళీ వెయ్యమన్నాడు. మళ్ళీ విన్నాడు. ఛానల్‌వాళ్ళు అడిగినదానికి జవాబు అందులోనే ఉందనిపించింది.

"తీసెయ్," అన్నాడు.

"అన్నా, మనం తీసిన అన్నిట్ల గిదే పెద్ద షాట్. దీని ఒక్కదాంతోని అందరి నోర్లు మూతవడ్తయ్."

"నాకెర్కనే. తీసెయ్."

రంజిత్ తీసేశాడు. గంగాప్రసాద్ లేచి, ఎవరి సమాధిని వాళ్ళు పగలగొట్టుకోవచ్చని ఊరివాళ్ళకు చెప్పాడు. అంతకుమించి వాళ్ళకు ఇవ్వడానికి అతని దగ్గర ఏమీ లేదు. వాళ్ళు ఆ పని అప్పటికే మొదలుపెట్టారు. థర్మాకోల్ ముక్కలు చెలకంతా తేలాయి. ఒక్క సమాధి మాత్రం మిగిలింది. దాని చుట్టూ జలపతి కర్ర పట్టుకుని తిరుగుతున్నాడు. కాకి బొమ్మను తడిమాడు. పాచి రంగును గోటితో గీకి, రంగేనని తెలిసి, మెచ్చుకోలుగా మూలిగాడు.

"కాకా, నువ్వు గూడ కొట్టు," అన్నాడు గంగాప్రసాద్, దగ్గరికి వచ్చి.

"దీని బొమ్మ ఎవలు గీసిండ్రు?"

"నేనే."

"మా కొడుకులు నాకు గీపాటి కట్టియ్యరు," అన్నాడు జలపతి. కాకిని మళ్ళీ తడిమి, "ఏమో అనుకున్న గని, దీన్ని సూస్తాంటె సావబుద్ధి అయితాంది."

గంగాప్రసాద్ గొంతు తగ్గించాడు. "నిజంగనా కాకా?"

"నిజంగనే. ఇంటికి తీసుకపోత."

"వానకు పెట్టకు మరి. కరాబైతది."

అన్వర్, రంజిత్ కలిసి దాన్ని ట్రాలీ ఆటోలో ఎక్కించారు. దాని మీది చావు తేదీని గంగాప్రసాద్ తన చేతి రుమాలుతో తానే రుద్ది చెరిపేశాడు. జలపతి సమాధి పక్కనే కూర్చుని, ఒక చెయ్యి దాని మీద వేసుకుని, ముసురులో ఊరివైపు వెళ్ళిపోయాడు.

పదేళ్ళకు మళ్ళీ దర్శకుడు గంగాప్రసాద్‌కు ఒక అభిమాని దొరికాడు. ఆయనకు ఎనభై దాటాయి.