ఫోటోలో ఉన్నవాళ్లకు ఫ్లూ రాదు

"నేటి నుంచి ఈ క్యాంపులోకి ఫ్లూకు ప్రవేశం లేదు!" అని కమాండెంట్ గారు మైకులో ప్రకటించారు. రెండువేల ఎనిమిది జూలై. భద్రాచలం అడవి అంచున సైనిక రిక్రూట్ల శిక్షణ క్యాంపు. ఆ చారిత్రక ఘట్టాన్ని ఫోటో తీయడానికి పాల్వంచలో స్టూడియో నడిపే అహ్మద్ పాషాను, అంటే నన్ను, పిలిపించారు. అరవై మంది రిక్రూట్లు ఫ్లూ టీకా కోసం చొక్కా చేతులు మడిచి వరసగా నిలబడ్డారు.

టీకాలు మాత్రం రాలేదు.

"డబ్బా సోమవారం వస్తది. ఫోటో ఇయ్యాల్నే హెడ్డాఫీసుకు పోవాలె. డాక్టర్ గారూ, ఖాళీ సిరంజి ఆనించండి" అన్నారు కమాండెంట్. ఏ పనీ రేపటికి వాయిదా వేయని మనిషి. అలాంటి ఆఫీసర్లు దొరకడం మన అదృష్టం.

నాలుగు సోమవారాలు వచ్చాయి. వానలొచ్చాయి, దగ్గులొచ్చాయి. డబ్బా రాలేదు. ఓ ఆదివారం లాల్‌సింగ్ అనే రిక్రూట్ కళ్లు ఎర్రగా చేసుకుని నా స్టూడియోకి వచ్చాడు.

"పాషా భాయ్, ఫోటోలకెళ్లి నన్ను తీసెయ్."

"ఏంది తమ్మీ, మంచిగ పడ్డవ్ గదా!"

"నూట మూడు జరం భాయ్. డాక్టర్ సార్ ఫోటో చూపెట్టి, 'టీకా పడ్డోనికి ఫ్లూ ఎట్లొస్తది? పో, ఉరుకు' అంటుండు. రేపు పది కిలోమీటర్ల పరుగు. మధ్యల పడిపోతే ఇంటికి పంపిస్తరు. మా తండాల నాదొక్కటే సర్కారు నౌకరి."

నాకు జాలేసింది. కంప్యూటర్లో అతన్ని చెరిపేసి, ఆ చోట గడ్డి అతికించి, కొత్త ప్రింటు చేతిలో పెట్టాను.

డాక్టర్ గారు న్యాయం తెలిసిన మనిషి. "ఫోటోలో లేవంటే నీకు టీకా పడలేదు. జ్వరం రావచ్చు" అని మంచం, మాత్రలు ఇచ్చి, పరుగు మరో వారానికి మార్పించారు. కమాండెంట్ గారి ఆనందానికి హద్దుల్లేవు.

"చూశారా! టీకా వేసుకోనోనికే జ్వరమొచ్చింది. ఇంతకంటే రుజువేం కావాలె?"

రిపోర్టు పైకి వెళ్లింది. మరుసటి ఆదివారం నా స్టూడియో ముందు దగ్గుల క్యూ బస్టాండు దాకా సాగింది. నేనెవరినీ కాదనలేదు. క్యాంపులో మంచాలు నిండేకొద్దీ టీకా పేరు పెరిగింది.

నెల తిరిగేసరికి కమాండెంట్ గారు ఆ ఫోటోకి పెద్ద ఫ్రేము కట్టమన్నారు. కింద బంగారు అక్షరాలతో రాయించారు: "టీకా వేసుకున్నవారిలో ఫ్లూ కేసులు సున్నా."

ఆఫీసు గోడకు నేనే మేకు కొట్టాను. కిటికీలోంచి గ్రౌండు కనిపిస్తోంది. లాల్‌సింగ్ కోలుకుని పరుగు తీస్తున్నాడు. నన్ను చూసి చెయ్యూపాడు. ఫోటోలో డాక్టర్ గారు గాలికి సూది ఆనించి నవ్వుతున్నారు. ఆయన వెనక అంతా గడ్డి.

"టీకాల డబ్బా వచ్చిందా సార్?" అన్నాను.

"నిన్ననే వచ్చింది, వాపసు పంపిన" అన్నారు, ఫ్రేము వంక చూపిస్తూ. "వేద్దామంటే ఎవరున్నరయ్యా?"