షోకేసు పీసు

గురువారం పొద్దున రామసుబ్బయ్య వేసుకున్న పథకం చాలా చిన్నది. ఆరున్నర బస్సుకు కర్నూలు వెళ్లాలి, ఒక లాప్‌టాప్ కొనాలి, సాయంత్రం టీ వేళకు ఆత్మకూరు చేరాలి. నలభై ఏళ్లుగా కందిపప్పూ శనగపప్పూ బస్తాల లెక్కన కొని అమ్మిన మనిషికి ఒక్క లాప్‌టాప్ కొనడం ఏపాటి? ఆయన ధైర్యం అదే. ఇంట్లోవాళ్ల భయమూ అదే.

లాప్‌టాప్ కూతురు శ్రీవాసవి కోసం. బీకాం పూర్తిచేసిన ఆ పిల్లకు మర్నాడు పదకొండు గంటలకు ఇంటర్వ్యూ. మిక్సీలూ ఫ్రిజ్‌లూ తయారుచేసే హైదరాబాదు కంపెనీ. ఇంట్లోనే కూర్చుని, కొన్నవాళ్ల సందేహాలు తీర్చే ఉద్యోగం. ఇంతకుముందు వేరే కంపెనీలకు రెండు ఇంటర్వ్యూలు ఫోన్‌లో ఇచ్చింది. మొదటిదాంట్లో సరిగ్గా జీతం మాట వచ్చేసరికి తండ్రి ఫోన్ చేసి, గోదాము తాళంచెవి యాడ పెట్టినావని అడిగాడు. రెండోదాంట్లో ఫోనే వేడెక్కి ప్రాణం విడిచింది. ఈసారి లాప్‌టాప్ ఉండితీరాలని కంపెనీవాళ్లే చెప్పారు. ఇది కూడా పోతే మారు మాట్లాడకుండా అంగడిలో గల్లాపెట్టె దగ్గర కూర్చోవాలని తండ్రీ కూతుళ్ల ఒప్పందం. శ్రీవాసవికి ఆ గల్లాపెట్టె అంటే చిన్నప్పటినుంచీ గిట్టదు. అందుకే ఈ ఇంటర్వ్యూ మీద ప్రాణాలన్నీ పెట్టుకుంది.

"నేనూ వస్తా నాయనా," అంది.

"నువ్వు ఈడ కూచోని చదువుకో. సరుకు చూసేది నాకు నేర్పిస్తావా?" అని ఆయన చీటీ ఒకటి రాయించుకుని బస్సెక్కాడు.

కర్నూలు షాపులో భూపేష్ అనే సేల్స్‌మన్ నాలుగు లాప్‌టాప్‌లు వరసగా పెట్టి చెప్పడం మొదలుపెట్టాడు. రామసుబ్బయ్య చీటీ విప్పాడు.

"ఈ ర్యామంటే ఏమప్పా?"

"ఒగేసారి ఎన్ని పనులు చేస్తాదో అది సార్."

"అంటే హమాలీలు. మరి ఈ ఎస్‌ఎస్‌డీ?"

"మీ ఫైళ్లన్నీ దాచుకునే జాగా."

"గోదాము. ఇంగ చెప్పు."

ఇక భూపేష్ చెప్పడానికేమీ మిగల్లేదు, అంతా రామసుబ్బయ్యే చెప్పాడు. గోదాము పెద్దదై హమాలీలు తక్కువైతే బస్తా కదలదు. హమాలీలు ఎక్కువై గోదాము చిన్నదైతే వాళ్లు బీడీలు కాలుస్తూ కూర్చుంటారు. నాలుగేళ్లుగా లాప్‌టాప్‌లు అమ్ముతున్న భూపేష్‌కు ఆ రోజే ఆ విషయం సరిగ్గా అర్థమైంది. చివరికి అన్నింటికంటే చవకది ఖాయమైంది. హమాలీలు చాలినంతమంది ఉన్నారు, గోదాము చిన్నది. బరువు ఎక్కువ, అయినా ఇల్లు దాటి పోయేది కాదు. కెమెరా మసక, అయినా పిల్ల ముఖంలో దాచేదేముంది?

"స్పీకర్లు మాత్రం శానా గట్టివి సార్," అన్నాడు భూపేష్ ఉన్న ఒక్క గుణాన్నీ దాచకుండా. లోపలికి పోయి సీలు వేసిన డబ్బా తెచ్చాడు.

రామసుబ్బయ్య దాన్ని ముట్టుకోలేదు. పప్పుల వ్యాపారంలో లోపల చూడని బస్తాను ఎవరూ కొనరు. ఇనుప గొట్టం గుచ్చి, పిడికెడు బయటికి లాగి, చూసి, కొరికి, ఆ తర్వాతే ధర మాట ఎత్తుతారు. సరుకు చూడకుండా కొనేవాణ్ని వాళ్లు వ్యాపారి అనరు, భక్తుడంటారు.

"దీంట్లో ఏముండాదో నాకేం తెలుసప్పా? ఆ బల్ల మీద విప్పిపెట్టినావే, పనిచేస్తాండేది, అది ఇయ్యి."

"అది షోకేసు పీసు సార్. అమ్మేది కాదు."

ఆ మాటతో బేరం ముగిసింది. మేలైన పప్పు దొరికినప్పుడు రామసుబ్బయ్య కూడా దాన్ని లోపల పెట్టి "అమ్మేది కాదు" అనే అంటాడు. అంగడివాడు ఇవ్వనన్న సరుకే మేలైన సరుకని ఆయనకు వేరేవాళ్లు చెప్పాలా?

"దాంట్లో ప్రచారం వీడియో ఉండాది సార్," భూపేష్ బతిమాలాడు. "అది తీసేయాలంటే కంపెనీ మనిషి రావల్ల. శనివారం గానీ రాడు."

"ఆ వీడియోకు వేరే డబ్బులా?"

"లేదు సార్, ఊరికే వస్తాది."

"ఊరికే వచ్చేదాన్ని తీసేయడం ఏంటికప్పా? ఉండనీ!"

భూపేష్ ఒక్క క్షణం ఆలోచించాడు. ఆ వీడియోను ఆరు నెలలుగా పొద్దున్నుంచి సాయంత్రం దాకా వింటున్నది అతనే. యజమానికి ఫోన్ చేసి ఒప్పించి, ధర తగ్గించి, బ్యాగు ఒకటి తన తరఫున కలిపి, ఆనందంగా ప్యాక్ చేసిచ్చాడు.

సాయంత్రం రామసుబ్బయ్య భార్య నాగరత్నమ్మ కొత్త లాప్‌టాప్‌ను ముందుగది బల్ల మీద పెట్టి, మూతకు పసుపు కుంకుమ బొట్లు దిద్ది, హారతి ఇచ్చింది. ముగ్గురూ కళ్లు మూసుకుని దండం పెట్టుకున్నారు. కూతురి ఉద్యోగం కాబట్టి దండం కాస్త పొడుగైంది. నిమిషం దాటింది.

"రండి! చూడండి! అందరికీ అందే ధరలో మీ కలల లాప్‌టాప్! ఈరోజే కొనండి! బ్యాగు ఉచితం!"

నాగరత్నమ్మ చేతిలోని హారతి పళ్లెం కింద పడింది. శ్రీవాసవి పరుగున వెళ్లి ఒక మీట నొక్కితే గానీ ఆ గొంతు ఆగలేదు. అరగంట తంటాలు పడ్డాక సంగతి తెలిసింది. నిమిషంపాటు ఎవరూ ముట్టుకోకపోతే వీడియో దానంతటదే మొదలవుతుంది. తెర నిండా అదే. శబ్దం తగ్గిస్తే, మరుసటిసారి తానే పెంచుకుని మరీ అరుస్తుంది.

"ఏం నాయనా ఇది? రేపు పదకొండుకు ఇంటర్వ్యూ!" శ్రీవాసవికి ఏడుపొక్కటే తక్కువ.

రామసుబ్బయ్య ముఖం చిన్నబోయింది. "పొద్దున్నే పోయి మార్చుకోనొస్తా."

"మీరొచ్చేసరికి అంతా అయిపోతాది," అంది నాగరత్నమ్మ.

ఊళ్లో అడగదగిన లాప్‌టాప్ స్నేహితురాలు శివజ్యోతిది ఒక్కటే. అది ఆమెతోపాటు కడపకు వెళ్లింది. చివరికి ఒక ఉపాయం తేలింది. మాట్లాడుతున్నంతసేపూ ఎడమచేత్తో ఏదో ఒక మీట నొక్కుతూ ఉండాలి.

ఈ తంటాల్లో ఆ గొంతు పదకొండుసార్లు వీధికెక్కింది. ఎదురింటి దేవేంద్రప్ప అరుగు మీద కూర్చుని పదకొండుసార్లూ విన్నాడు. ఆదోని వైపునుంచి వచ్చి ఇక్కడ ఎరువుల అంగడి పెట్టుకున్న పెద్దమనిషి ఆయన. రామసుబ్బయ్య లాప్‌టాప్‌ల వ్యాపారం మొదలుపెట్టాడని ఆయనకు రెండోసారికే తెలిసిపోయింది. బోర్డు కట్టలేదు, ఎవరికీ చెప్పలేదు. అంటే?

"గుట్టుగా పెట్టినాడంటే రేటు శానా తక్కువ ఉంటాది," అని పక్కవాళ్లతో అన్నాడు. ఆత్మకూరు బజారులో పక్కవాళ్లకు చెబితే చాలు.

శుక్రవారం పదింటికి గుమ్మం ముందు నలుగురున్నారు. పదకొండుకు పద్నాలుగుమంది అయ్యారు. ఫోన్ ముట్టుకోనని ఒట్టేసి రామసుబ్బయ్య అంగడికి పోయాడు. ఇంట్లో ఉన్నది నాగరత్నమ్మ. ఆమె వ్యాపారి కూతురు, వ్యాపారి భార్య. ఉప్పు అయిపోతే కూడా "నిండుకుంది" అంటుందే తప్ప, కొనడానికి గుమ్మం దాకా వచ్చిన మనిషితో "లేదు" అని ఆమె ఎన్నడూ అనదు.

"కూచోండి. పిల్ల లోపల కంపెనీవాళ్లతో మాట్లాడతాండాది," అంది. అందులో ఒక్క అబద్ధమూ లేదు. వచ్చినవాళ్లు మాత్రం పిల్ల రేటు తెగ్గొడుతోందని అర్థం చేసుకుని, మజ్జిగ తాగుతూ నెమ్మదిగా కూర్చున్నారు.

లోపల ఇంటర్వ్యూ బాగానే సాగుతోంది. హైదరాబాదు నుంచి స్వర్ణలత అనే పెద్ద అధికారిణి అడుగుతోంది. శ్రీవాసవి తడబడకుండా చెబుతోంది. ఎడమచెయ్యి తన పని తాను చేసుకుపోతోంది. ఇరవై నిమిషాలయ్యాక స్వర్ణలత కళ్లు చిన్నవి చేసి చూసింది.

"శ్రీవాసవీ, మీ ఎడమచేత్తో ఏం చేస్తున్నారు? పక్కనుంచి ఎవరైనా జవాబులు పంపుతున్నారా?"

"లేదు మేడం!"

"అయితే రెండు చేతులూ నాకు కనబడేలా పైకి పెట్టి మాట్లాడండి."

పెట్టింది. వేరే దారేముంది? గోడ గడియారం వైపు చూస్తూ, వస్తువు వాపసు ఇచ్చే పద్ధతి గురించి బస్సు తప్పిపోతున్నంత వేగంగా చెప్పింది. చెప్పడం పూర్తికాలేదు, నిమిషం పూర్తయింది.

"రండి! చూడండి!"

బయట పద్నాలుగుమందీ ఒక్కసారిగా లేచారు. పిలిస్తే పోకుండా ఉంటారా? తలుపు తోసుకుని లోపలికొచ్చారు. తెర మీద స్వర్ణలత లేదు, ఉచితం బ్యాగు ఉంది. కాల్ కట్టయిందనుకుని శ్రీవాసవి మీట కూడా నొక్కలేదు. మూడో ఉద్యోగమూ పోయింది. ఆ పిల్లకు కోపం వచ్చింది.

"ఏమ్మా, రేటు తెగినట్లేనా?" ముందు నిలబడ్డ దేవేంద్రప్ప అడిగాడు. "దుడ్లు చేతిలోనే ఉండాయి."

"మీకేంటికి మామా లాప్‌టాప్?"

"పొలం కాగితాలు చూడల్ల. పొద్దున మంత్రాలయం హారతి చూడల్ల."

"దానికి మీ ఫోనే చాలు. కనపడకపోతే కళ్లద్దాలు మార్చుకోండి. ఏసేపన్నా, నీకు?"

"పెండ్లి ఫోటోలు దిద్దుకోవల్ల," అన్నాడు ఫోటో స్టూడియో ఏసేపు.

"దీంట్లో తాళి కట్టేదాకా కూడా పట్టవు. ఇంగొంచెం డబ్బు పెట్టి జాగా ఎక్కువుండేది తీసుకో. ఇప్పుడు పెట్టకపోతే ఏడాదికి మళ్లీ కొనల్ల."

బట్టలు కుట్టే రత్నమణి, జాకెట్ల డిజైన్లు చూపించుకోవడానికంది.

"నీకిది సరిపోతాదక్కా. చూసేదానికి, రాసుకునేదానికి, మాట్లాడేదానికి చాలు. బరువుంటాది. మూడు గంటలకు చార్జింగ్ అయిపోతాది. కెమెరాలో నువ్వెవరో నువ్వే చెప్పుకోవల్ల. అవన్నీ సర్దుకుంటానంటే తీసుకో. కానీ ఈడ కాదు, కర్నూల్లో. సీలు పీసు!"

లాప్‌టాప్ ఇంకా అరుస్తూనే ఉంది. దేవేంద్రప్ప గడ్డం నిమురుకున్నాడు.

"సొంత సరుకును బాగలేదని చెప్పే అంగడి నా జన్మలో చూడలేదు. ఇంత నమ్మకమైన మనుషులు యాడ దొరుకుతారు? నాకు రెండు రాయమ్మా."

ఇంటిముందు జనం ఉన్నారని విని రామసుబ్బయ్య అప్పుడే రొప్పుతూ వచ్చాడు. సంగతి చూశాడు. ఆ అరుపు భరించలేక లాప్‌టాప్ మీటల మీద అరచేత్తో ఒక్కటిచ్చాడు. వీడియో మాయమైంది. దాని వెనకాల స్వర్ణలత, ఆమె పక్కన మరో ఇద్దరు, ముగ్గురూ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని కనిపించారు. కాల్ కట్ కాలేదు. వాళ్లు ఒక్క మాట కూడా వదలకుండా విన్నారు.

రామసుబ్బయ్య చేతులు జోడించాడు. "తప్పంతా నాది తల్లీ. సీలుది వద్దని ఈ దరిద్రాన్ని నేనే తెస్తి. పిల్ల తప్పేమీ లేదు. నా తెలివికి దాన్ని శిక్షించొద్దు." నలభై ఏళ్ల వ్యాపారంలో ఆయన తప్పు ఒప్పుకోవడం అదే మొదలు. శ్రీవాసవికి కోపమంతా కరిగి కళ్లు చెమర్చాయి.

"మీరు కూర్చోండి అంకుల్," అంది స్వర్ణలత. "శ్రీవాసవీ, కొనడానికి తొందరపడే కస్టమర్‌కు నిజం ఎలా చెబుతారన్నది నా తర్వాతి ప్రశ్న. ఇక అడగక్కర్లేదు. వేరేది అడుగుతాను. మా అబ్బాయి కాలేజీలో చేరాడు. వాడికి ఏ లాప్‌టాప్ కొనమంటారు?"

శ్రీవాసవి కళ్లు తుడుచుకుంది. "ఏం చదువుతాడు మేడం? రోజూ బ్యాగులో మోసుకోని పోవల్లనా?"

అవతల ముగ్గురూ ఒకరి ముఖం ఒకరు చూసుకుని నవ్వారు.

సోమవారం ఉద్యోగపు ఉత్తరం వచ్చింది. నాగరత్నమ్మ వీధి మొత్తానికి మైసూర్‌పాకు పంచింది. దేవేంద్రప్పకు రెండు ముక్కలు దక్కాయి. రామసుబ్బయ్య తల మళ్లీ పైకి లేచింది. "సీలుది కొనింటే నోరు మూసుకోని ఉండేది. పిల్లకు ఉద్యోగం వచ్చేదా?" అని అంగడికి వచ్చిన ప్రతివాణ్నీ అడుగుతున్నాడు. శ్రీవాసవి పొట్ట పట్టుకుని నవ్వుతుందే గానీ కాదనదు.

పనికి కావలసిన లాప్‌టాప్ కంపెనీయే పంపుతుందనీ, సొంతది వాడటానికి వీల్లేదనీ ఉన్న ఆ ఉత్తరంలోని చివరి పేరాను మాత్రం ఆయనకు ఇంకా ఎవరూ చదివి వినిపించలేదు.