తాడుకు అటు చివర

పొద్దున్నే పాల టీ తాగి, తుపాకీ సంగతి తేల్చేసి, ఎండ కొండ దిగేలోపు గడ్డివాము సర్దుకోవాలనుకున్నాడు సాగిన్‌బాయ్. మర్నాడు ఊరు ఊరంతా తోడేళ్ళ వేటకి బయలుదేరుతోంది. తుపాకీ ఉన్నవాళ్ళు గుర్రాల మీద ముందు వెళతారు. లేనివాళ్ళు వెనకాల డబ్బాలు వాయిస్తూ తోడేళ్ళని అదిలిస్తారు. సాగిన్‌బాయ్ ఇంతవరకూ డబ్బా పట్టుకోలేదు.

తండ్రి నుంచి అతనికి దక్కినవి ఒక జీను, ఒక పాత సైన్యపు తుపాకీ. జీనుని పెద్దకూతురి మామగారు ఒకసారి నిమిరి, "బాగుందే!" అన్నాడు. వియ్యంకుడు బాగుందన్న వస్తువుని ఇవ్వకపోతే ఆ లోయలో ఎవరూ మనిషిగా చూడరు. జీను వెళ్ళిపోయింది. ఇక మిగిలింది తుపాకీయే.

చిక్కల్లా తూటాలతో వచ్చింది. సైన్యం గోదాములో మిగిలిపోయిన సరుకు అమ్ముతున్నారని విని, బావమరిది దోత్‌బెక్ ఒక రేకు డబ్బా పట్టుకొచ్చాడు. చేపల డబ్బా కోసినట్టు మూత కోసి చూస్తే, లోపల మైనపు కాగితంలో వరసగా నిద్రపోతున్నాయి తూటాలు. డబ్బా మీద అచ్చు వేసిన సంవత్సరం సాగిన్‌బాయ్ పుట్టిన సంవత్సరమే.

"నా ఈడువే!" అని మురిసిపోయాడు. "నన్ను చూడు, ఎంత గట్టిగా ఉన్నానో."

"నిన్ను చూస్తున్నా కాబట్టే నా భయం," అంది అతని భార్య బురుల్చా, పిండి పిసుకుతూ. "పొద్దున నువ్వు మంచం దిగుతుంటే మోకాళ్ళు ఎలా పేలుతున్నాయో నాకు తెలీదా? ఆ తూటాలు నీ బుగ్గ పక్కన పేలితే నేనేం గాను? ఇవాళ పరీక్ష చేసి చూపించు. లేదంటే సాయంత్రం మా అక్క కొడుకు పోలీసు స్టేషన్ నుంచి వస్తాడు, తుపాకీ వాడి చేతిలో పెట్టేస్తా."

బురుల్చా చేస్తానన్నది చేయకుండా ఉన్న రోజు పెళ్ళయిన నాటి నుంచి లేదు.

బావా బావమరుదులు కూర్చుని తూటాలన్నీ గుడ్డతో తుడిచారు. పచ్చగా చిలుం పట్టినవి తీసేశారు. మెడ దగ్గర చీలినవి తీసేశారు. మిగిలినవి చూపుకి లక్షణంగానే ఉన్నాయి. కానీ లోపలి మందు మనసులో ఏముందో పైకి తెలియదు కదా. అందుకని దోత్‌బెక్ ఒక ఉపాయం చెప్పాడు. అతను సైన్యంలో పనిచేసినవాడు. వంటశాలలోనే అనుకోండి, అయినా సైన్యం సైన్యమే.

దొడ్డి పక్కన పడి ఉన్న ట్రాక్టరు టైరులో తుపాకీని బిగించి కట్టారు. గొట్టం ఎదుటి మట్టిగుట్ట వైపు. ట్రిగ్గరుకి బురుల్చా నేసిన ఉన్నితాడు ఒక కొస ముడేశారు. రెండో కొస దారికి అడ్డంగా లాక్కొచ్చి, ఇవతల గడ్డికొట్టం గోడ వెనక నక్కారు. సాగిన్‌బాయ్ కళ్ళు మూసుకుని లాగాడు.

ఏమీ కాలేదు. ఇంకాస్త లాగాడు. దూరంగా ఒక కోడి మాత్రం కూసింది.

"తూటా తుస్సుమంది," అన్నాడు నీరుగారిపోయి.

"కదలకు బావా!" దోత్‌బెక్ అతని చొక్కా పట్టుకున్నాడు. "తుస్సుమన్న తూటాని నమ్మకూడదు. అది ఆలోచించుకుని పేలుతుంది. చాలాసేపు దగ్గరికి పోకూడదు. తాడు కూడా వదలకు, అదిరితే అదే పేలుతుంది. ఆ గుంజకి కట్టేసెయ్."

కట్టేశాడు. తాడు దారికి అడ్డంగా, మనిషి ఛాతీ ఎత్తున, బిగుసుకుని నిలబడింది. ఎవరూ ఇటు రాకుండా చూస్తానని దోత్‌బెక్ ఊరివైపు వెళ్ళి నిలబడ్డాడు. కొండవైపు నుంచి ఎవరొస్తారులే అనుకున్నారు.

కొండవైపు నుంచి వియ్యాలవారు వచ్చారు.

చిన్నకూతురు జూరాకాన్ కోసం మాటలు నడుస్తున్నాయి. ఆదివారం వస్తామన్నారు కానీ, కనుమలో మంచు పడుతుందని తెలిసి ముందే బయలుదేరారు. కారు తాడు ముందు ఆగింది. అబ్బాయి తండ్రి ఎసెన్‌కుల్ దిగాడు. ఆయన భార్య కాలీపా దిగింది. ఈ ఇంటివాళ్ళకి పాత పద్ధతులేవీ తెలియవని ముందునుంచీ గొణుగుతున్నది ఆవిడే. పిల్ల పశువుల డాక్టరు దగ్గర పనిచేస్తుందని, తల మీద గుడ్డ కట్టదని ఆవిడ బాధ.

"చూశావా!" అన్నాడు ఎసెన్‌కుల్, తాడు చూపించి. "పద్ధతి తెలీదన్నావు. దారికి తాడు కట్టారు!"

పెళ్ళికొడుకు తరఫువాళ్ళు వస్తుంటే పిల్ల ఊరివాళ్ళు దారికి తాడు కట్టి ఆపడం తాతలనాటి ముచ్చట. కానుక ఇస్తేనే తాడు దించుతారు. ఈ మధ్య ఆ తాళ్ళన్నీ పశువులకే పనికొస్తున్నాయి. కాలీపా కళ్ళు చెమ్మగిల్లాయి.

గోడ వెనక నుంచి సాగిన్‌బాయ్ తల పైకెత్తాడు.

"బావగారూ! తాడు ముట్టుకోకండి!"

"విన్నావా? ఊరికే వదలరట!" ఎసెన్‌కుల్ విరగబడి నవ్వాడు. "ముట్టుకోం బావగారూ, కానుక ఇవ్వకుండా ఎలా ముట్టుకుంటాం!"

"అది కాదండీ! వెనక్కి పోండి! దండం పెడతా, వచ్చిన దారినే పోండి!"

"ఎంత బాగా చేస్తున్నారో!" అంది కాలీపా. "మా అమ్మమ్మ ఊళ్ళో అచ్చం ఇలాగే అరిచేవాళ్ళు." కారులోంచి పెద్ద ఉన్నిశాలువా తీసి తాడు మీద వేసింది. తాడు కొంచెం కుంగింది.

"అయ్యో అక్కగారూ, వద్దు! ఇంకేమీ వెయ్యకండి!"

"వద్దంటున్నాడంటే చాల్లేదని," అని అర్థం చెప్పాడు ఎసెన్‌కుల్. వియ్యంకుడి కోసం కుట్టించిన మఖమల్ అంగీ, బరువైనది, తెచ్చి తాడు మీద వేశాడు. జారిపోకుండా రెండు చేతులతో కిందికి గట్టిగా లాగాడు.

లోయ దద్దరిల్లింది. మట్టిగుట్ట మీంచి దుమ్ము మేఘంలా లేచింది. కోళ్ళు కప్పెక్కాయి. ప్రతిధ్వని ఎదుటి కొండని తాకి తిరిగొచ్చింది.

సాగిన్‌బాయ్ చేతులతో మొహం కప్పుకున్నాడు. సంబంధం పోయింది, పరువూ పోయింది అనుకున్నాడు. వేళ్ళ సందులోంచి చూస్తే, ఎసెన్‌కుల్ టోపీ సర్దుకుంటున్నాడు.

"నాకు ముగ్గురు వియ్యంకులు," అన్నాడు ఆయన. "ఒక్కడు కూడా నాకు తుపాకీ పేల్చి స్వాగతం చెప్పలేదు."

చప్పుడు విని దోత్‌బెక్ పరిగెత్తుకొచ్చాడు. అతని వెనకే ఊరివాళ్ళు వచ్చారు. తాడు మీద శాలువా, అంగీ చూశాక ఎవరూ ఏమీ అడగలేదు. వియ్యం కుదిరిందని ఒకరు రొట్టెలు తెచ్చారు, ఒకరు పులిసిన గుర్రప్పాల కుమిస్ తోలుసంచీతో సహా మోసుకొచ్చారు. బురుల్చా పిండి చేతులతో బయటికొచ్చి, క్షణంలో సంగతి గ్రహించి, గొర్రెని కొయ్యమని తమ్ముడికి సైగ చేసింది. పాలబకెట్టుతో దొడ్డిలోంచి వచ్చిన జూరాకాన్ అందరినీ ఒకసారి చూసింది.

"నన్ను అడక్కుండానే తుపాకీ పేల్చేశారా నాన్నా?"

"నేను పేల్చలేదమ్మా, మీ మామగారే పేల్చారు," అన్నాడు సాగిన్‌బాయ్. అంతమంది ముందు అతను చెప్పిన నిజం అదొక్కటే. జూరాకాన్ నవ్వు దాచుకోవడానికి బకెట్టు దించింది. అబ్బాయీ ఆమే ఎప్పుడో మాట ఇచ్చిపుచ్చుకున్నారని తెలియనివాళ్ళు అక్కడ పెద్దలు మాత్రమే.

విందు సాగుతుంటే సాగిన్‌బాయ్ మనసు తేలికపడింది. దోషం తూటాది కాదు, సాగిపోయే ఉన్నితాడుది. తూటా భేషుగ్గా ఉంది. గొట్టం పగల్లేదు. తుపాకీ తెచ్చి భార్య ముందు గర్వంగా నిలబెట్టాడు. "చూశావా, గీత కూడా పడలేదు. రేపు వేటకి వెళుతున్నా."

ఎసెన్‌కుల్ చెయ్యి చాచి తుపాకీ అందుకున్నాడు. చెక్కని నిమిరాడు. సాగిన్‌బాయ్‌కి జీను గుర్తొచ్చింది.

"బాగుందే!" అన్నాడు ఎసెన్‌కుల్.

"ఏం బాగు బావగారూ!" సాగిన్‌బాయ్ తడబడ్డాడు. "పాతది. ఎప్పుడు పగులుతుందో తెలీదు. ఆ తూటాలూ ముసలివి, మందు పాడైపోయింది. బుగ్గ పక్కన పేలితే ఏం గాను? మహా ప్రమాదం!"

"ప్రమాదమా?" బురుల్చా మాంసం పళ్ళెం వియ్యంకుడి ముందు పెడుతూ మెత్తగా అంది. "ఊరందరి ముందూ పరీక్ష చేశాం కదయ్యా. భయం లేకుండా తీసుకోండి అన్నయ్యగారూ."

"కాగితాలు మా జిల్లాలో నేను రాయించుకుంటా," అన్నాడు ఎసెన్‌కుల్, తుపాకీని ఒళ్ళో పడుకోబెట్టుకుని. "ఈ రాత్రికి ఇక్కడే ఉండి, రేపు మీ వేటకి నేనూ వస్తా. తూటాలు మాత్రం వద్దు బావగారూ, నా దగ్గర కొత్తవి ఉన్నాయి."

మర్నాడు సాగిన్‌బాయ్ మఖమల్ అంగీ వేసుకుని, అందరికంటే వెనకాల, ఆ రేకు డబ్బా మూత వాయిస్తూ కొండెక్కాడు. తూటాలు సంచీలో మంచం కిందే ఉండిపోయాయి. అవి క్షేమమైనవేనా అన్న అనుమానం ఆ ఇంట్లో మళ్ళీ ఎవరికీ రాలేదు.